చైనూడే చోటు

ఎజ్రాకి బాపట్ల బదిలీ అయింది. సోమవారం తెల్లవారుజామున రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో బండి మారి వెళ్లిపోయాడు. మళ్లీ శనివారం సాయంత్రానికి గాని రాడు. బ్యాంకు ఉద్యోగం అంతే కదా, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చోవాలి. మనిషి వెళ్లాడు గాని ఫియట్ కారు మాత్రం రేపల్లెలో ఇంటి పక్క షెడ్డులోనే ఉండిపోయింది. దాన్ని నడపడం వచ్చింది ఆ ఇంట్లో అతనొక్కడికే.

నిజానికి ఇందులో కొంప మునిగిందేమీ లేదు. కోడలు రూతు పాఠాలు చెప్పే బడి, మనవరాలు సువార్త చదివే బడి ఒకటే. నడిస్తే కాస్త దూరం, కారుకి మరీ దగ్గర. కానీ ఆ ఇంటి పెద్ద, ఎజ్రా తండ్రి బర్నబాసు మాస్టారికి ఒక నియమం ఉంది. గడప దాటితే కారు. ఉప్పు పొట్లానికైనా కారే, పోస్టు డబ్బాలో కార్డు ముక్క వెయ్యడానికైనా కారే. ముందు సీట్లో ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని కూర్చుంటే గాని ఆయనకి బయటికి వెళ్లినట్టుండదు. మంచి మనిషే. పల్లెటూరి పిల్లలకి ఎక్కాలు చెప్పీ చెప్పీ గొంతు అరగదీసుకున్నవాడు, కోడల్ని "అమ్మా" అని తప్ప పిలవనివాడు. ఈ ఒక్క సంగతిలో మాత్రం మొండిఘటం.

సోమవారం పొద్దున రూతు క్యారేజీ కట్టుకుని బయటికి వచ్చేసరికి గుమ్మం ముందు అంబాసిడర్ ఆగి ఉంది. ముందు సీట్లో మావగారు.

"ఇదేంటి మావయ్యా?"

"టాక్సీ అమ్మా. అబ్బాయి లేనంత మాత్రాన మనం ఆగిపోతామా? ఎక్కండి."

పెద్దాయన ముచ్చటపడి తెచ్చాడు, కాదంటే బాగుండదని ఎక్కారు. బడికి అడ్డదారిన ఒక సందు ఉంది గాని అందులో కారు పట్టదు. బజారంతా చుట్టి రావాలి. బజార్లో అరటిగెలల బళ్లు అడ్డం. డ్రైవరు హారను కొడితే బండివాడు తిరిగి చూశాడే గాని కదల్లేదు. తీరా వెళ్లేసరికి బడిలో ప్రార్థన అయిపోయింది. హెడ్మాస్టరు రూతుని ఏమీ అనలేదు, చేతి వాచీ మాత్రం చూసుకున్నాడు. సువార్తని ఆలస్యంగా వచ్చిన పిల్లల వరసలో నిలబెట్టారు. మంగళవారం మళ్లీ అదే టాక్సీ, అదే బజారు, అదే వరస.

"తాతయ్యా, నడిచొచ్చేవాళ్లందరూ మనకంటే ముందే వచ్చేస్తున్నారు," అంది సువార్త ఆ సాయంత్రం. బర్నబాసు విననట్టు పేపరు తిప్పాడు.

బుధవారం సాయంత్రం రూతు ఇంటికి సైకిలు మీద వచ్చింది. ముందు బుట్ట, వెనక క్యారేజీ మీద సువార్త. ఎండకి రంగు వెలిసినా గట్టి సైకిలే. పుష్పలత టీచరు కూతురు గుంటూరు హాస్టలుకి వెళ్లాక వాళ్లింట్లో ఊరికే పడుందట.

"ఎవరిదమ్మా అది?" బర్నబాసు పడక్కుర్చీలోంచి లేచాడు.

"ఇకనించి మనదే మావయ్యా. రేపట్నించి నేనూ సువార్తా దీనిమీదే బడికి. కూరగాయలకీ దీనిమీదే. తెనాల్లో చదువుకునేటప్పుడు తొక్కేదాన్ని. భయపడ్డాను గాని, కాళ్లు ఏమీ మర్చిపోలేదు."

"వద్దమ్మా."

"ఎందుకు మావయ్యా? ఆయన ఉన్నప్పుడు మాత్రం ఏం సుఖం? రోజూ ఆయన కోసం నేను చూడ్డం, నా కోసం ఆయన చూడ్డం. కొత్తిమీర కట్టకి కూడా కారు తియ్యాలంటే నాకే సిగ్గేస్తోంది. దీనిమీద అయితే నా పని నేను చేసుకొస్తాను."

"సైకిలు మీదున్నవాణ్ణి ఎవడైనా దిగమంటాడమ్మా. కార్లో కూర్చున్నవాణ్ణి దిగమనేవాడు పుట్టలేదు."

"నన్నెవరు దిగమంటారు?" రూతు నిజంగానే అర్థంకాక అడిగింది.

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఆ పూట కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు చారన్నం తిని లేచాడు. ఆయన భార్య ఏసమ్మ మిగిలిన అన్నం కేసి చూసింది, కోడలి కేసి చూసింది.

గురువారం పొద్దున రూతు సైకిలుని గేటు దాటించిందో లేదో, కటక్కుమని చైను ఊడింది. సువార్త దిగింది. రూతు కొంగు బొడ్లో దోపుకుని కూర్చుని చైనుని ఇటు లాగింది, అటు లాగింది. చేతులకి మసి, గాజులకి మసి. ఇటు పెడితే అటు జారిపోతోంది. టైము అయిపోతోంది. అరుగు మీద కూర్చున్న బర్నబాసు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడే గాని చదవడం లేదు. ఎంతసేపని చూస్తాడు? చివరికి పేపరు మడిచి దిగి వచ్చాడు.

"లేమ్మా. అలా కాదు."

సైకిలుకి స్టాండు వేశాడు. వంగి, చైనుని వెనక చిన్న చక్రం పళ్లకి తగిలించాడు. మిగిలిన చైనుని రెండు వేళ్లతో ముందు పెద్ద చక్రం అంచుకి ఆనించి, ఇంకో చేత్తో పెడలుని నెమ్మదిగా వెనక్కి తిప్పాడు. చైను తనంతట తనే ఎక్కి కూర్చుంది. కన్ను మూసి తెరిచేంతలో అయిపోయింది.

"అబ్బో! తాతయ్యా, నీకు చైను పెట్టడం వచ్చా?"

"రాక ఏం చేస్తుందే?" గుమ్మంలో నిలబడ్డ ఏసమ్మ అంది. "మీ తాతయ్య సైకిలుకి రోజూ చైనూడేదిగా. వెళ్లేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి. చిత్రమేంటంటే, ఎప్పుడూ ఒక్కచోటే ఊడేది."

"ఏసమ్మా!"

ఆయన గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో ఎప్పుడూ వినబడదు. ఏసమ్మ చప్పున లోపలికి వెళ్లిపోయింది. రూతు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, టైము లేక, పిల్లని ఎక్కించుకుని వెళ్లిపోయింది.

బర్నబాసు గడ్డిపరకలతో వేళ్ల మసి గబగబా తుడుచుకున్నాడు. తర్వాత చెప్పులు తొడుక్కుని, తువ్వాలు కూడా లేకుండా గేటు తీసుకుని బయటపడ్డాడు. ఎక్కడికని ఏసమ్మ అడిగేలోపే సందు మలుపు తిరిగాడు. ఆ వయసులో ఆ నడక చూసినవాళ్లు ఎవరింట్లోనో ప్రాణం మీదికి వచ్చిందనుకుని ఉంటారు.

సందు వెళ్లి బజారు చివర కలిసేచోట బసవేశ్వరరావు గారి బియ్యం కొట్టు. పొలాలున్న ఆసామి, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు. ప్రతి పొద్దునా కుర్చీని సగం రోడ్డులోకి వేసుకుని, కాళ్లు చాపుకుని పేపరు చదువుతాడు. బర్నబాసు అరటిపళ్ల బండి పక్కన ఆగిపోయాడు. సందులో గేదెలు అడ్డమొచ్చి ఆగిన రూతు సైకిలు ఇప్పుడు తిన్నగా ఆ కుర్చీ మీదికే వెళుతోంది. దిగు తల్లీ, దిగి నడిపించుకుపో, ఒక్క నాలుగడుగులు, ఏం పోయింది, దిగిపో తల్లీ అని ఆయన లోపల్లోపలే గొణుక్కుంటున్నాడు.

రూతు దిగలేదు. బెల్లు కొట్టింది.

బసవేశ్వరరావు గారు పేపరు దించాడు. చాపిన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "చూసుకెళ్లమ్మా, ముందు గొయ్యుంది," అన్నాడు. మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు. సైకిలు బజారులోకి తిరిగిపోయింది.

అంతే జరిగింది. అంతకంటే ఏమీ జరగలేదు. బర్నబాసు మాత్రం సైకిలు వెళ్లిపోయిన దిక్కుకే చూస్తూ అక్కడే నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకు తిరిగాయంటే ఆయన చెప్పలేడు.

"ఏం మాస్టారూ, పళ్లు కావాలా?" అన్నాడు బండివాడు. ఊరికే నిలబడ్డానని చెప్పడానికి మొహమాటపడి మాస్టారు ఒక అత్తం పళ్లు కొనుక్కున్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఏసమ్మ గేటు దగ్గరే ఉంది. పళ్ల కేసి చూసింది. "టాక్సీలో వెళ్లి తెచ్చారా?"

"నడిచి," అన్నాడాయన.

ఏసమ్మ బుగ్గన వేలేసుకుంది.

ఆ సాయంత్రం రూతు వంటింట్లో అత్తగారి పక్కన కూర్చుని గోంగూర వలుస్తూ అడిగింది. "పొద్దున మీరన్నది ఏంటత్తయ్యా? రోజూ ఒక్కచోటే చైనూడటమేంటి?"

ఏసమ్మ నాలుగు కాడలు తుంచాక మొదలుపెట్టింది.

"మన పల్లె నించి రోడ్డెక్కాలంటే ఊళ్లోంచి, పెద్దవీధి మీదుగా పోవాలి. నువ్వూ చూశావుగా కార్లోంచి. అప్పట్లో రెండు పక్కలా అరుగులు. అరుగుల మీద ఆసాములు. మనోడెవడన్నా సైకిలు మీద వస్తే ఇవతలే దిగాలి. వీధి చివరిదాకా నడిపించుకుపోయి, అక్కడ ఎక్కాలి. మా మావగారి రోజుల్లో చెప్పులు కూడా చేత్తో పట్టుకునేవాళ్లంట. మా రోజులకి చెప్పులు కాళ్లకే ఉండనిచ్చారు. అదే మాకు గొప్ప."

"మాస్టారైనా దిగాల్సిందేనా?"

"బళ్లోనే మాస్టారు. అరుగుల ముందు ఏరా బర్నబాసూనే. ఈయనకేమో పౌరుషం. వాళ్లకి భయపడి దిగాననిపించుకోకూడదు. అందుకని అరుగులు రాకముందే దిగి, వంగి చైను కేసి చూసేవాడు. ఊడిందన్నట్టు. అలా చైను చూసుకుంటా, చూసుకుంటా వీధంతా దాటేసేవాడు. ఎజ్రాని ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చునేదాన్ని. నేనూ దిగాలిగా. కొంగు నెత్తిన కప్పుకుని వెనకాలే నడిచేదాన్ని. నాన్నా, మన సైకిలుకే ఎందుకు ఇలా ఊడిపోద్దీ అని అడిగేవాడు పిల్లాడు. పాత చైను నాయనా అనేవాడు ఈయన." ఏసమ్మ ముక్కు చీదింది. "కొత్త చైనే అది."

పెరట్లో కాళ్లు కడుక్కోవడానికి వచ్చిన బర్నబాసు చేతిలో చెంబుతో అలాగే నిలబడిపోయాడు. వంటింటి కిటికీ తెరిచే ఉంది. ప్రతి మాటా విన్నాడు. రూతు చెయ్యి కడుక్కోవడానికి బయటికి వచ్చి ఆయన్ని చూసింది. విన్నాడని ఆ మొహం చూస్తేనే తెలిసిపోయింది. దండెం మీది తువ్వాలు తీసి ఆయన చేతికి ఇచ్చింది.

"సైకిలు రేపు పుష్పలత టీచరుకి ఇచ్చేస్తాను మావయ్యా. నాకు తెలీక తెచ్చాను."

బర్నబాసు కాళ్ల మీద నీళ్లు పోసుకున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మొహం కడుక్కోలేదని రూతు గమనించింది గాని ఊరుకుంది.

"ఎందుకమ్మా ఇవ్వడం?" అన్నాడు. "బెల్లు బాగా మోగుతోంది."

"మీరెప్పుడు విన్నారు?"

"అరటిపళ్లకి వెళ్లానుగా."

రూతుకి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. అయ్యాక ఆయన చేతిలోని చెంబు అందుకుంది.

శనివారం మధ్యాహ్నం పక్కింటి హనుమంతరావు గారింటికి ఫోను వచ్చింది. బాపట్లలో ఆడిటు, ఎజ్రా ఈ వారం రాలేడు. ఆ మాట విని ఏసమ్మ నట్టింట్లో కూలబడింది. ఎందుకంటే తెల్లవారితే ఆదివారం, వాళ్ల సొంత పల్లె చర్చిలో కోతల పండుగ. కోతలై, నూర్పిళ్లై, ధాన్యం ఇళ్లకు చేరాక ఎవరి చేతి పంట వాళ్లు బలిపీఠం ముందు పెట్టే రోజు. ఏసమ్మ పంట స్నానాల గది కప్పు మీద కాసిన గుమ్మడికాయ. పూత నుంచి దాన్ని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంది. ప్రతి ఏడూ కార్లోనే వెళతారు. పెద్దవీధి వచ్చేసరికి బర్నబాసు అద్దాలన్నీ ఎత్తమంటాడు. ఉక్కపోసినా సరే, చర్చి వచ్చేదాకా దించనివ్వడు.

"టాక్సీ చెప్పమంటారా మావయ్యా?" అంది రూతు.

ఆయన లేచి షెడ్డులోకి వెళ్లాడు. లోపల సామాన్లు జరుపుతున్న చప్పుడు. కాసేపటికి కారుకీ గోడకీ మధ్యనుంచి ఒక పాత నల్ల సైకిలుని అడ్డంగా లాక్కుంటూ బయటికి వచ్చాడు. దుమ్ము, బూజు, రెండు టైర్లలోనూ గాలి లేదు. పాత ఇనప సామాన్లవాడికి వేసేద్దామని ఎజ్రా ఎన్నోసార్లు అన్నాడు, ప్రతిసారీ ఏసమ్మే అడ్డుపడింది.

ఆ మధ్యాహ్నమంతా ఆయన దానితోనే. సైకిలుని తలకిందులుగా నిలబెట్టాడు. ట్యూబు లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి జానెడు జానెడే తిప్పాడు. బుడగలు వచ్చినచోట వేలు పెట్టమంటే సువార్త ఊపిరి బిగబట్టి పెట్టింది. గరుకు కాగితంతో రుద్ది, అతుకు వేసి, రాయితో నొక్కిపెట్టాడు. బ్రేకు రబ్బర్లు పెళుసెక్కిపోతే బజారుకి వెళ్లి కొత్తవి తెచ్చి బిగించాడు. చిట్టచివర చైను. దాన్ని పూర్తిగా విప్పి కిరసనాయిల్లో నానబెట్టి, ఒక్కొక్క లంకె పాత గుడ్డతో తుడిచి, నూనె పోసి ఎక్కించాడు. పెడలు చేత్తో తిప్పితే వెనక చక్రం చప్పుడు లేకుండా తిరిగింది.

"ఇది కూడా ఊడిపోద్దా తాతయ్యా?"

"చూద్దాం," అన్నాడు బర్నబాసు.

పొద్దున మంచు పూర్తిగా విడవకముందే బయల్దేరారు. ముందు రూతు, ఆమె వెనక సువార్త. వాళ్ల వెనక బర్నబాసు, క్యారేజీ మీద ఒళ్లో గుమ్మడికాయతో ఏసమ్మ. గేటు దగ్గర మొదటిసారి ఎక్కినప్పుడు సైకిలు ఈ పక్కకీ ఆ పక్కకీ ఊగి, ఏసమ్మ "ఓరి దేవుడో, ప్రభువా" అని కేకలు పెట్టింది. పెనుమూడి రోడ్డు ఎక్కేసరికి ఊగడం తగ్గింది. పక్కన కాలవ, కాలవ అవతల కోసిన మడుల్లో పచ్చగా మినప చేలు. కార్లో ఎన్నోసార్లు వచ్చిన దారే గాని, మినప చేల వాసన బర్నబాసుకి తగిలి చాలా ఏళ్లయింది.

"మెల్లగా తొక్కండి. కాయ పగిలితే పాస్టరు గారికి ముక్కలిస్తామా?"

"నువ్వు కదలకుండా కూర్చో. కాయ కంటే నువ్వే బరువున్నావు."

"అప్పుడూ ఇదే మాట అనేవాడు," అని ఏసమ్మ ఎవరితోనో ఫిర్యాదు చేస్తున్నట్టు కాలవతో అంది. ఆమె నవ్వు ఆయన వీపుకి తగిలింది. చాలా సంతోషమనిపించింది ఆయనకి.

ఊళ్లోకి తిరిగారు. పెద్దవీధి. చాలా ఇళ్లు డాబాలై, అరుగులు పోయి ఇనప గేట్లు వచ్చాయి. మొదటి పెంకుటిల్లు మాత్రం అలాగే ఉంది, దాని అరుగూ అలాగే ఉంది. దాని మీద, ఆ రోజుల్లోనూ అక్కడే కూర్చునే ఆసామి రాఘవయ్య చేతికర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడైపోయాడు. రూతు సైకిలు ఆయన ముందునుంచే ఆగకుండా వెళ్లింది. సువార్త వెనకనుంచి చెయ్యి చాపి అమ్మ బెల్లు అందుకోబోయి, అందక నవ్వుతోంది.

బర్నబాసు కూడా వెళ్లాలనే అనుకున్నాడు. దారంతా అదే అనుకుంటూ వచ్చాడు. కానీ అరుగు ఎదురయ్యేసరికి చెయ్యి బ్రేకు నొక్కేసింది. కాళ్లు నేలమీద ఆనాయి. ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ చెయ్యి ఎత్తలేదు. తన ఒళ్లే తనని దింపేసింది. కాలు బారు మీదుగా ఇవతలికి తీసి నిలబడి, తెలీకుండానే వంగి, చైను కేసి చూశాడు. నిన్న ఆయన చేత్తో తుడిచిన చైను, నూనెతో నిగనిగలాడుతూ ఉంది.

సిగ్గుతో ఆయన మొహం మండిపోయింది. "దిగు ఏసమ్మా," అన్నాడు గొణుగుతూ.

"నేను దిగను."

"ఏసమ్మా."

"మోకాళ్లు నొప్పులు. ఒళ్లో కాయుంది. అన్నేళ్లు దిగాను, చాలదా? నేను దిగను," అంది ఏసమ్మ. కొంగు నెత్తి మీద లేదు, భుజం మీదే ఉంది.

"ఎవర్రా అది?" రాఘవయ్య కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నేనండి, బర్నబాసుని."

"బర్నబాసా? కారేదీ? చైనూడిందా ఏంటి?"

అదే గొంతు. వెటకారమో, మామూలుగా అడిగాడో ఆ రోజుల్లోనూ తెలిసేది కాదు, ఇప్పుడూ తెలీలేదు. ఆ రోజుల్లో అయితే "అవునండి, పాత చైనండి" అనేవాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. వీధి చివర రూతు సైకిలు ఆపి, ఒక కాలు నేలకి ఆనించి వెనక్కి చూస్తోంది. పక్కనే సువార్త. బర్నబాసు నిటారుగా నిలబడ్డాడు.

"లేదండి. చైను బాగానే ఉంది."

రాఘవయ్య కళ్లు చికిలించి చైను కేసి చూశాడు.

"ఇప్పుడే కాదండి. అప్పుడూ బాగానే ఉండేది. ఒక్కరోజు కూడా ఊడలేదు."

ముసలాయన దవడలు కదిలాయి. చేతికర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేల కేసి చూస్తూ, "తెలుసులే," అన్నాడు.

బర్నబాసు సైకిలు హ్యాండిలు సరిచేసుకున్నాడు.

ఎక్కాలి. దిగని మనిషిని, గుమ్మడికాయని వెనక పెట్టుకుని ఎక్కడం ఆ వయసులో మాటలు కాదు. నేలమీంచి అయితే పడేస్తాడు. బరువేసుకున్న సైకిలు ఎక్కాలంటే ఎవరైనా ఏ గట్టో, ఏ మెట్టో చూసుకుంటారు. బర్నబాసు అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఉన్న ఎత్తు ఒక్కటే. సైకిలుని అరుగు పక్కకి నడిపించుకుని వచ్చి, కాలు బారు దాటించి, చెప్పు తొడిగిన ఎడమ కాలిని అరుగు అంచు మీద ఆనించాడు. రాఘవయ్య ఆ కాలి కేసి చూశాడు. చూసి, అడ్డంగా ఉన్న చేతికర్రని పక్కకి తీసుకున్నాడు.

బర్నబాసు అరుగుని గట్టిగా ఒక్క తన్ను తన్నాడు. సైకిలు ఊగకుండా వీధి మధ్యలోకి వెళ్లింది.

పెంకుటిల్లు వెనకపడింది. డాబాలు ఒక్కొక్కటే వెనకపడుతున్నాయి. పల్లె చర్చి గంట వినబడుతోంది. ఊపిరి ఆడక ఆయన నోరు తెరిచి తొక్కుతున్నాడు.

"అరుగు మంచి ఎత్తులో ఉంది ఏసమ్మా," అన్నాడు కాసేపటికి.

"ఎప్పుడూ అంతే ఎత్తుంది," అంది ఏసమ్మ. ఒక చేత్తో కాయని పట్టుకుని, రెండో చెయ్యి ఆయన వీపు మీద వేసింది. "తొక్కండి, తొక్కండి. పాటలు మొదలెట్టేశారు."